పెద్ద వయసు కుక్కనో పిల్లినో దత్తత తెచ్చుకున్నాక మొదటి మూడు నెలలు ఏం చేయాలి

"ముసలి కుక్క మనకు అలవాటవుతుందా?" "తెచ్చిన ఏడాదికే పోతే తట్టుకోగలమా?" "మందుల ఖర్చు మోయగలమా?" షెల్టర్‌కు వెళ్లి వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేవి ఈ మూడే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు, ఎంచుకునే రోజు నుంచి మూడో నెల చివరిదాకా ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు: అలవాటవుతుంది. మా కుక్క చుక్క ఇంటికి వచ్చేనాటికి దానికి తొమ్మిదేళ్లు. మూడు వారాలు గోడవైపు తిరిగే పడుకుంది. పిలిస్తే చెవి కదిలేది, తల తిరిగేది కాదు. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం నేను చదువుకుంటుంటే వచ్చి, నా పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. గంటన్నర నేను కాలు కదపలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు అదే దాని చోటు.

పిల్లదాన్ని తెచ్చుకుంటే అది ఎంత పెద్దదవుతుందో, పిరికిదవుతుందో దూకుడుదవుతుందో ఎవరూ చెప్పలేరు. పెద్దదాని విషయంలో ఆ అనుమానం ఉండదు. దాని సైజు, స్వభావం, పిల్లలంటే ఇష్టమో కాదో అన్నీ అప్పటికే తేలిపోయి ఉంటాయి. చాలావాటికి బయటికెళ్లి మూత్రం పోయడం తెలుసు, చెప్పులు కొరికే వయసు దాటిపోయింది. రోజులో ఎక్కువ భాగం నిద్రపోతాయి, లేచినప్పుడు మీ పక్కన ఉంటే వాటికి చాలు. గంటలకొద్దీ ఆడించే ఓపిక లేనివాళ్లకు ఇంతకంటే మంచి తోడు దొరకదని నా నమ్మకం.

రెండో ప్రశ్న కష్టమైనది. చిన్న జాతి కుక్కలు మామూలుగా 12 నుంచి 15 ఏళ్లు బతుకుతాయి. పెద్ద జాతులు అంతకంటే తక్కువ. ఇంట్లోనే పెరిగే పిల్లులు 15 ఏళ్లు దాటడం మామూలే. అందుకే పెద్ద జాతి కుక్కను ఆరేడేళ్లకే పెద్ద వయసుది అంటారు, చిన్న కుక్క, పిల్లి పదేళ్ల దాకా ఆ లెక్కలోకి రావు. పదేళ్ల పిల్లి మీతో ఇంకో అయిదేళ్లు ఉండొచ్చు, ఏడాదే ఉండొచ్చు. హామీ లేదు. ఆ మాట ముందే ఒప్పుకుని తెచ్చుకోండి.

ఇక ఖర్చు. మొదటి నెలలో పరీక్షలు, బహుశా పళ్ల వైద్యం, ఆ తర్వాత ఆరు నెలలకోసారి చెకప్, అవసరమైతే నెలనెలా మందులు. తెచ్చుకునే ముందే డాక్టర్‌ని అడిగి ఈ నాలుగింటి అంచనా కాగితం మీద వేసుకోండి. మోయలేమనిపిస్తే ఫాస్టరింగ్ గురించి షెల్టర్‌ని అడగండి. జంతువు మీ ఇంట్లో ఉంటుంది, వైద్యం ఖర్చు వాళ్లు చూసుకుంటారు. చాలాచోట్ల ఈ పద్ధతి ఉంది.

ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక నోట్‌బుక్. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకో ముందు ముందు చెబుతాను.
- మందంగా, ఒత్తితే నేల తగలని పరుపు. కీళ్ల నొప్పి ఉన్న జంతువుకు పలచటి దుప్పటి సరిపోదు.
- నున్నటి నేల ఉంటే జారని చాపలు. యోగా మ్యాట్ ముక్కలైనా చాలు.
- కుక్కకు మెడ బెల్టు కాకుండా ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్. పెద్ద సైజు కుక్కకైతే వీపు మీద పట్టుకుని లేపడానికి పిడి ఉన్నది.
- పిల్లికి అంచు ఎత్తు తక్కువ ఉన్న లిట్టర్ ట్రేలు (మలమూత్రాలకు వాడే ఇసుక ట్రేలు) రెండు. ఒక పిల్లి ఉంటే రెండు, రెండుంటే మూడు అన్నది పాత లెక్క, అది నిజంగా పనిచేస్తుంది.
- షెల్టర్‌లో తింటున్న ఆహారమే పది రోజులకు సరిపడా.
- వంటింటి త్రాసు, గీతలున్న కొలత గిన్నె.

1. ఎంచుకునే ముందు రెండుసార్లు వెళ్లి చూడండి

ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం వెళ్లండి. షెల్టర్ గోల మధ్య ఏ జంతువైనా తన అసలు స్వభావం చూపించదు. బోను మూలన ముడుచుకున్న పిల్లి ఇంట్లో ఒడి దిగకపోవచ్చు. వీలైతే కుక్కను బయటికి తీసుకెళ్లి పది నిమిషాలు నడవండి, పిల్లినైతే విడి గదిలో కూర్చుని చూడండి.

అక్కడి సిబ్బందిని ఇవి అడగండి: ఎందుకు వదిలేశారు? ఎంతకాలంగా ఇక్కడుంది? ఏం తింటోంది, ఎంత తింటోంది? ఏ మందులు వాడుతోంది? సంతాన నిరోధక ఆపరేషన్ అయిందా? ఆఖరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఆపరేషన్ కాని పెద్ద ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు. ఎదకొచ్చిన కొన్ని వారాలకు అతిగా నీళ్లు తాగడం, నీరసం, వాంతులు మొదలైతే అది ప్రాణం మీదికి తెచ్చే విషయం.

షెల్టర్ చెప్పే వయసు అంచనా మాత్రమే. పళ్లు చూసి చెబుతారు, ఏడాదో రెండేళ్లో అటూ ఇటూ అవుతుంది. దాని మీద పట్టుబట్టకండి.

చూడగానే భయపెట్టేవి కొన్ని ఉంటాయి, వాటిలో అన్నీ జబ్బులు కావు. కుక్క కళ్లలో నీలి పొగమంచులా కనిపిస్తే అది శుక్లమే అనుకుంటారు. వయసుతో కటకం గట్టిపడినా అలాగే కనిపిస్తుంది, అప్పుడు చూపు పెద్దగా తగ్గదు. రెండింటికీ తేడా డాక్టర్ లైట్ వేసి చెప్పేస్తారు. ఊడిన పళ్లు, నెరిసిన మూతి అసలు సమస్యే కాదు. చర్మం కింద మెత్తని గడ్డలు చాలాసార్లు వట్టి కొవ్వే, కానీ చేత్తో తాకి ఎవరూ ఖాయంగా చెప్పలేరు. సూదితో తీసి పరీక్ష చేయించాలి.

నిజంగా పట్టించుకోవాల్సినవి: చిగుళ్లు పాలిపోయి ఉండటం, పక్కటెముకలు బయటికి కనిపించడం, నిద్రలో కూడా ఎగశ్వాస, లేవడానికి మూడు నాలుగు ప్రయత్నాలు. ఇవి ఉన్నాయని వద్దనుకోమని కాదు. ఏం తెచ్చుకుంటున్నారో తెలిసి తెచ్చుకోమని.

ఇంకో మాట. ఏళ్ల తరబడి కలిసి పెరిగిన జంటను షెల్టర్లు విడదీయడానికి ఇష్టపడవు. ఇంట్లో చోటు ఉంటే జంటగా తెచ్చుకోవడం గురించి ఆలోచించండి. కొత్త ఇంట్లో ఒకదానికొకటి ధైర్యం.

2. ఇల్లు దాని కాళ్లతో, దాని కళ్లతో చూడండి

నేల మీద కూర్చుని ఇల్లంతా చూడండి. పరుపు నుంచి నీళ్ల గిన్నెకు, నీళ్ల గిన్నె నుంచి బయటి తలుపుకు చాపలతో దారి వేయండి. ఒక్కసారి జారిపడిన పెద్ద వయసు కుక్క ఆ గదిలోకి వెళ్లడమే మానేస్తుంది, మనం దాన్ని మొండితనం అనుకుంటాం.

మెట్లుంటే ఒక అంతస్తుకే పరిమితం చేయండి. పిల్లికి కిటికీ దగ్గర కూర్చోవడం ఇష్టమైతే మధ్యలో ఒక స్టూలు వేసి ఎత్తును రెండు మెట్లుగా చేయండి. నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. చూపు తగ్గినదైతే కుర్చీలూ బల్లలూ జరపకండి. వినికిడి తగ్గినదైతే వెనక నుంచి తాకి లేపకండి, పాదంతో నేల తట్టి, ఆ అదురుకు అది లేచాక దగ్గరికి వెళ్లండి.

3. మొదటి మూడు రోజులు వదిలేయండి

రెస్క్యూ వాళ్లు, అంటే వదిలేసిన జంతువులను కాపాడేవాళ్లు, "మూడు, మూడు, మూడు" అంటారు. మూడు రోజులు బెదురు, మూడు వారాల్లో ఇంటి పద్ధతి అర్థమవడం, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకోవడం. ఇది శాస్త్రం కాదు, అనుభవం మీద వచ్చిన లెక్క. పెద్ద వయసువాటికి ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చు.

ఇంటికి రాగానే ఒక గది, ఒక పరుపు, నీళ్లు, తిండి చూపించండి. అంతే. చుట్టాలను పిలిచి చూపించకండి. స్నానం చేయించకండి. ఫోటోల కోసం ఎత్తుకోకండి. ఒక్క వీడియో మాత్రం తీసుకోండి, దూరం నుంచి, ఒక నిమిషం. అది నడిచే తీరు, తోక, తల ఎలా పెట్టుకుందో కనిపించాలి. మూడో నెలలో దీంతో పని ఉంది.

మీరు ఆ గదిలోనే నేల మీద కూర్చుని మీ పని మీరు చేసుకోండి. దానివైపు సూటిగా చూడకండి. అది దగ్గరికి వస్తే చెయ్యి చాచి వాసన చూడనివ్వండి, తల పైనుంచి కాకుండా గడ్డం కింద, ఛాతీ దగ్గర నిమరండి. మూడు సెకన్లు నిమిరి ఆపండి. ఇంకా కావాలంటే అదే ముందుకొస్తుంది, అక్కర్లేదంటే వెళ్లిపోతుంది. "నీ ఇష్టమే చెల్లుతుంది" అని దానికి మొదట తెలిసేది ఇక్కడే.

తిండి విషయంలో టెన్షన్ పడేవాళ్లు చాలామంది. కుక్క ఒక రోజు సరిగా తినకపోయినా పర్వాలేదు, రెండో రోజూ ముట్టకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి. పిల్లి అలా కాదు. 24 గంటలు పూర్తిగా తినకపోతే ఆగకండి. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రోజుల తరబడి పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రమాదమవుతుంది. తడి ఆహారాన్ని కాస్త గోరువెచ్చగా చేసి పెడితే వాసన పెరుగుతుంది, ముక్కు మందగించిన ముసలి పిల్లి అలా తినడం మొదలుపెడుతుంది.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు: మగ పిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోవడం, చిగుళ్లు తెల్లగానో నీలంగానో మారడం, కడుపు ఉబ్బి వాంతి రాక డోకడం, ఉన్నట్టుండి వెనక కాళ్లు పడిపోవడం. పొద్దున్నే చూద్దాంలే అనుకోకండి.

4. మొదటి వారంలోనే డాక్టర్ దగ్గరికి

షెల్టర్ కాగితాలన్నీ పట్టుకెళ్లండి. ఏ పరీక్షలు చేయించాలో డాక్టర్ నిర్ణయిస్తారు, అయితే ఇవి గుర్తుచేయండి: బరువు, రక్త పరీక్ష, మూత్రపిండాలూ కాలేయం పనితీరు, మూత్ర పరీక్ష, పళ్లు, గుండె చప్పుడు. పిల్లికైతే థైరాయిడ్, బీపీ కూడా. కుక్కకైతే పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు, గుండె పురుగు. టీకాల వివరాలు లేకపోతే రేబిస్‌తో సహా ఏవి మళ్లీ వేయాలో అడగండి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే, ఆ చిప్ నంబర్ నమోదైన చోట మీ ఫోన్ నంబర్ చేర్పించడం మర్చిపోవద్దు.

ఇప్పుడు జబ్బు బయటపడితే బాధపడకండి. ఈ పరీక్షలు చేయించేది మొదటి కొలత కోసం. ఆరు నెలల తర్వాత అంకె మారితే, ఎంత మారిందో తెలియాలంటే ఈ రోజు అంకె ఉండాలి.

పళ్ల గురించి గట్టిగా చెప్పాలి. నోటి దుర్వాసన వయసు వల్ల రాదు. గార, చిగుళ్ల జబ్బు, విరిగిన పన్ను వల్ల వస్తుంది. ఆ నొప్పితోనే అవి తింటూనే ఉంటాయి, అందుకే మనకు తెలియదు. "ఈ వయసులో మత్తు ఇస్తే లేస్తుందా?" అని వెనకాడతారు. వయసు ఒక్కటే అడ్డం కాదు. ముందుగా రక్త పరీక్ష, గుండె పరీక్ష చేసి డాక్టర్ సరేనంటే చేయించండి. నాలుగు పుచ్చిన పళ్లు తీసేశాక చుక్క వారం తిరక్కుండానే బంతి నోట పట్టింది. అంతకుముందు దానికి ఆటలు రావేమో అనుకున్నాం.

5. తిండి మార్చడం: నెమ్మదిగా

మొదటి వారం పాత ఆహారమే పెట్టండి. ఆ తర్వాత మార్చాలంటే పావు వంతు కొత్తది, ముప్పావు పాతది కలిపి రెండు మూడు రోజులు. తర్వాత సగం సగం. తర్వాత ముప్పావు కొత్తది. మొత్తం మీద ఏడు నుంచి పది రోజులు. విరేచనాలైతే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి.

ముసలిది కదా అని మాంసకృత్తులు మీ అంతట మీరు తగ్గించకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద జంతువుకు కండ నిలవాలంటే అవి కావాలి. మూత్రపిండాల జబ్బు ఉందని తేలాక డాక్టర్ చెప్పే ప్రత్యేక ఆహారం వేరు.

బరువు సరిగా ఉందో లేదో చేత్తో చూడొచ్చు. పక్కటెముకల మీద వేళ్లు ఆడించండి. పిడికిలి కణుపుల్లా గట్టిగా తగిలితే సన్నగా ఉంది. అరచేయిలా మెత్తగా ఉండి ఎముక దొరకకపోతే లావు. చాచిన చేయి వెనకవైపు నిమిరినట్టు ఉంటే సరిగ్గా ఉంది. కీళ్ల నొప్పి ఉన్న లావు కుక్కకు మందుతో పాటు బరువు తగ్గించడమూ వైద్యమే.

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ పెట్టకూడదు. పిల్లి ఉన్న ఇంట్లో లిల్లీ పూలు తేకండి, పుప్పొడి నాకినా మూత్రపిండాలు పాడవుతాయి.

6. ప్రవర్తన బాగా లేదంటే ముందు నొప్పి వెతకండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. పెద్ద వయసు జంతువును షెల్టర్‌కు తిరిగి ఇచ్చేవాళ్లు చెప్పే కారణాలు దాదాపు ఒకేలా ఉంటాయి. గుర్రుమంది, ఇంట్లో మూత్రం పోసింది, రాత్రంతా తిరుగుతోంది, ముట్టుకోనివ్వడం లేదు. వీటిలో ఎన్నో దాని స్వభావం కాదు, ఒంట్లో బాధ. బాధ తగ్గితే ఆ జంతువే వేరుగా కనిపిస్తుంది. ఆ మార్పు చూడటం కంటే పెద్ద ఆనందం ఈ దత్తతలో నాకు కనిపించలేదు.

ట్రే బయట మూత్రం పోసే పిల్లి మీ మీద కోపంతో పోయడం లేదు. అంచు దాటడానికి కాలు ఎత్తలేకపోతోందేమో, మూత్రంలో మంట ఉందేమో. ముందు తక్కువ అంచు ట్రే పెట్టండి, మూత్ర పరీక్ష చేయించండి. కీళ్ల నొప్పి ఉన్న పిల్లి కుంటదు కూడా. దూకడం మానేస్తుంది, నడుము దగ్గర నాక్కోవడం మానేస్తే అక్కడ వెంట్రుకలు ముద్దకడతాయి. గోళ్లు అరక్క లోపలికి వంగి పాదంలో గుచ్చుకుంటాయి. రెండు వారాలకోసారి గోళ్లు చూడండి.

గుర్రుమనే కుక్కను తిట్టకండి. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని ఆపేయిస్తే ఈసారి హెచ్చరిక లేకుండా కరుస్తుంది. ఎక్కడ తాకితే గుర్రుమందో నోట్‌బుక్‌లో రాసి డాక్టర్‌కు చూపించండి.

రాత్రిళ్లు తిరగడం, మూలన ఇరుక్కుని నిలబడిపోవడం, తెలిసిన మనుషుల్ని చూసి తికమకపడటం, అలవాటైన చోట కాక వేరేచోట మూత్రం. ఇవి మతిమరుపు జబ్బు లక్షణాలు కావచ్చు. మనుషుల్లో వచ్చేదాన్ని పోలినదే. పూర్తిగా తగ్గదు గానీ మందులు, రాత్రిపూట చిన్న దీపం, రోజూ ఒకే వేళలు పాటించడం వల్ల చాలా తేలికవుతుంది.

అతిగా నీళ్లు తాగుతోందనిపిస్తే అనుమానంతో ఆగకండి, కొలవండి. పొద్దున కొలిచి పోసి, మర్నాడు అదే వేళకు మిగిలింది కొలవండి. రోజుకు కిలో బరువుకు కుక్క 100 మిల్లీలీటర్లు, పిల్లి 50 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే పరీక్ష చేయించాలి. మూత్రపిండాలు, మధుమేహం లాంటివి ఇలాగే బయటపడతాయి. ఆబగా తింటూ చిక్కిపోతున్న పిల్లికి థైరాయిడ్ చూడాలి.

హెచ్చరిక: నొప్పి అని తెలియగానే ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కుక్కకూ పిల్లికీ రెండింటికీ విషమే. జంతువుల కోసమే చేసిన నొప్పి మందులు ఉన్నాయి, డాక్టర్ చెప్పిన మోతాదులోనే వాడాలి.

7. రోజూ ఒకే వేళలు

తిండి, నడక, నిద్ర ఒకే వేళకు. పెద్ద వయసు కుక్క ఎక్కువసేపు మూత్రం ఆపుకోలేదు. నాలుగైదు గంటలకోసారి, నిద్ర లేవగానే, తిన్నాక బయటికి తీసుకెళ్లండి. ఒక పొడుగు నడక కంటే రెండు మూడు చిన్న నడకలు మంచివి. అది ముందు నడవాలి, మీరు వెనక. ఎక్కడ ఆగి వాసన చూస్తే అక్కడ ఆగండి. కాళ్లు అలసిన కుక్కకు ముక్కే వ్యాయామం. తువ్వాలు చుట్టలో దాని తిండిలోంచి నాలుగు గింజలు దాచిపెట్టి వెతకమనండి, పది నిమిషాలు హాయిగా గడుపుతుంది.

పెద్దవి కొత్తవి నేర్చుకోవన్నది నిజం కాదు. కుదురుగా ఉంటాయి కాబట్టి కుక్కపిల్లల కంటే కొన్ని త్వరగా నేర్చుకుంటాయి. మూడు నిమిషాల పాఠం, రోజుకు రెండుసార్లు. వినికిడి లేనిదానికి చేతి సైగలు నేర్పండి. పదే పదే కూర్చోమని మాత్రం అడగకండి, తుంట్లు నొప్పెడతాయి. మీ చేతిని ముక్కుతో తాకడం నేర్పితే చాలు, దాంతో ఎక్కడికైనా నడిపించొచ్చు.

8. ఇంట్లో ఇంకో జంతువు, పిల్లలు ఉంటే

వేరువేరు గదులు, వారం రోజులు. ఒకదాని దుప్పటి ఇంకోదాని గదిలో వేసి వాసన పరిచయం చేయండి. తర్వాత తలుపు సందులోంచి, తర్వాత గేటు అవతల నుంచి, ఆఖరికి కలిపి. తిండి గిన్నెలు ఎప్పుడూ వేరు వేరు చోట్ల. పిల్లలకు రెండే నియమాలు: పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు, తింటున్నప్పుడు దగ్గరికి వెళ్లకూడదు.

9. నోట్‌బుక్‌లో ఏం రాయాలి

రోజూ చూసేవాళ్లకు నెమ్మదిగా వచ్చే మార్పు కనిపించదు. అందుకే ఈ పుస్తకం. వారానికోసారి ఇవి రాయండి: బరువు, ఎంత తింది, ఎన్నిసార్లు మూత్రం, లేవడానికి పట్టిన సమయం, నిద్రలో శ్వాస.

శ్వాస లెక్కించడం తేలిక. గాఢ నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ పైకి లేచి దిగితే ఒకటి. అర నిమిషం లెక్కించి రెండుతో గుణించండి. కుక్కకైనా పిల్లికైనా నిమిషానికి 30 లోపు ఉండాలి. రోజూ దాటుతుంటే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి. కలలు కనేటప్పుడు వేగంగా ఉంటుంది, అప్పుడు లెక్కించొద్దు.

బరువులో పదో వంతు తగ్గితే ప్రమాద సూచన. నాలుగు కిలోల పిల్లికి అది 400 గ్రాములే, చూస్తే తెలియదు. చిన్న జంతువును వంటింటి త్రాసు మీద బుట్టలో పెట్టి తూచండి. పెద్దదాన్ని ఎత్తుకుని మీరు త్రాసెక్కి, మీ బరువు తీసేయండి. ఎత్తలేనంత పెద్దదైతే ఆస్పత్రిలో తూయించండి.

జబ్బు ముదిరినప్పుడు వాడే కొలత ఒకటి ఉంది. అమెరికాలో జంతువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో తయారుచేశారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువా అన్న ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు. పది అంటే బాగుందని. మొత్తం 35 దాటితే బతుకు సాఫీగానే ఉందని లెక్క. ఇంట్లో ఇద్దరు విడివిడిగా వేయండి. ఇద్దరి మార్కులకు చాలా తేడా వస్తే ఎక్కువ వేసినవాళ్లు బహుశా ప్రేమతో వేసి ఉంటారు. ఆ కాగితం డాక్టర్ ముందు పెట్టి మాట్లాడండి. ఈ పని తెచ్చిన కొత్తలోనే ఒకసారి చేసి పెట్టుకోండి, కష్టకాలంలో చేతులు వణకవు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పాపం అని అతిగా తినిపించడం మొదటిది. నాలుగు నెలల్లో రెండు కిలోలు పెరిగిన చిన్న కుక్కకు మోకాళ్లు పోతాయి.

రెండోది పాత యజమానుల మీద కథలు అల్లుకుని జాలిపడుతూ ఉండటం. కొందరు చనిపోయి ఉంటారు, కొందరు ఆస్పత్రిపాలై ఉంటారు, కొందరు ఇల్లు పోగొట్టుకుని ఉంటారు. మన జంతువును ఎవరో ఇన్నేళ్లు పెంచారన్నది కూడా నిజమే. దానికి కావాల్సింది జాలి కాదు, వేళకు తిండి, నొప్పి లేని ఒళ్లు, మారని మనుషులు.

మూడోది రెండు వారాలకే "మాతో కలవడం లేదు" అని తేల్చేయడం. నాలుగోది, నీరసం కనిపించిన ప్రతిసారీ "వయసు కదా" అని సరిపెట్టుకోవడం. వయసు జబ్బు కాదు. నిరుడు చేసిన పని ఇప్పుడు చేయడం లేదంటే కారణం వెతకాలి.

10. మూడో నెల చివర ఏం చూడాలి

తొంభయ్యో రోజు వీటిని చూడండి. మీరు గదిలో ఉండగా మీ పక్కకు వచ్చి మీకు వీపు పెట్టి పడుకుంటోందా? పక్కకు ఒరిగి, పొట్ట కనిపించేలా నిద్రపోతోందా? మీరు పక్కనుంటే తింటోందా? తలుపు చప్పుడుకు దాక్కోకుండా చూడటానికి వస్తోందా? ఏదైనా కావాలని అడుగుతోందా, గిన్నె దగ్గర నిలబడి మీవైపు చూడటం లాంటిది? పిల్లి తోక నిటారుగా పెట్టుకుని వస్తోందా, మీవైపు చూసి నెమ్మదిగా రెప్పలు వాలుస్తోందా? మీరూ అలాగే రెప్పలు వాల్చి చూడండి, చాలా పిల్లులు బదులిస్తాయి.

వీటిలో మూడు నాలుగు కనిపిస్తే అది మీ ఇంటిదైపోయినట్టే. ఒకటీ కనిపించకపోతే మళ్లీ ఆరో మెట్టుకు వెళ్లండి, ఎక్కడో నొప్పి మిగిలి ఉండొచ్చు. ఒంట్లో అంతా బాగుందని డాక్టర్ అంటే ఇంకో మూడు నెలలు ఇవ్వండి. బెదురు పిల్లులకు ఆరు నెలలు పట్టడం నేను చూశాను.

ఇప్పుడు మొదటి రోజు తీసిన వీడియో తెరవండి. ఈ రోజు ఇంకోటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. నడకలో తేడా, తల ఎత్తిన తీరు, తోక. చుక్క మొదటి వీడియోలో తోక కనిపించనే కనిపించదు, కాళ్ల మధ్య దాచుకుంది. తొంభయ్యో రోజు వీడియో ఆరు సెకన్లే ఉంది, అదీ సగం మసకగా. ఫోన్ పట్టుకున్న నా చేతిని నాకడానికి లెన్స్ మీదికే వచ్చేసింది.